దాలమ్మ చూసిన సినిమాలు

దాలమ్మ గంప దింపితే ఆ ఊళ్లో ఆడవాళ్లు ముందు అడిగేది చేపల సంగతి కాదు. "ఏటే దాలీ, డేరాలో ఏటి సినిమా ఆడతన్నాది?" అని అడుగుతారు. కవళ్లు ఈ పూట పడ్డవా, నెత్తళ్లు నిన్నటివా అన్నది ఆ తర్వాత మాట. మరిడమ్మ అని ఇంకో చేపలావిడ కూడా ఆ ఊరు వస్తుంది. మనిషి మంచిది, కొసరు కూడా ధారాళంగా వేస్తుంది. ఏం లాభం, సినిమా చెప్పడం రాదు. "బాగున్నాదమ్మా, ఏడుపొచ్చింది" అని ఊరుకుంటుంది. అదీ ఒక చెప్పడమేనా! అందుకే మరిడమ్మ గంప మధ్యాహ్నం దాకా ఖాళీ అవదు. దాలమ్మ గంప ఎండెక్కకుండానే అడుగు కనిపిస్తుంది.

ఆ ఊరు కోటబొమ్మాళికి దగ్గర్లోనే ఉంది. దాలమ్మ ఉండే పేట సముద్రం ఒడ్డున, అక్కడికి ఎనిమిది మైళ్లు. సినిమా డేరా వేసేదీ ఆ పేట దగ్గరే. తెప్పలు ఒడ్డుకి రాగానే చేపలు ఏరుకుని, గంప నెత్తిన పెట్టుకుని నడిచి వస్తుంది. నాలుగిళ్లు తిరిగి చివరికి నారాయణమ్మ ఇంటి పెరట్లో కూలబడుతుంది. అక్కడైతే కత్తిపీట తెచ్చి ఇస్తారు, బూడిద ఇస్తారు, చెంబుడు మజ్జిగ ఇస్తారు. చేపలు శుభ్రం చేసి ఇచ్చే పని దాలమ్మది కాదు గాని, చేతికి పని ఉంటే నోటికి మాట బాగా వస్తుందని ఆవిడే చేస్తుంది.

నారాయణమ్మ రైతు ఇంటి ఇల్లాలు. నలభై అయిదు దాటాయి. మొగుడు నరసింగరావుకి పల్లం ఉంది, మెట్ట ఉంది, కాస్త పెద్దరికం కూడా ఉంది. "మనింటి ఆడోలు డేరాలో నేల మీద కూకుంటారేటి?" అంటాడు. కుర్చీలున్నాయి కదా అంటే, "కుర్చీలో కూకుంటే మరీ అందరికీ అగుపడతారు" అంటాడు. ఆయనతో వాదించి ప్రయోజనం లేదు. పెళ్లికి ముందెప్పుడో బరంపురంలో నారాయణమ్మ ఒక సినిమా చూసింది. కథేమిటో మరిచిపోయింది గాని, ముందు బల్ల మీద కూర్చున్నావిడ జడలోని మొగలిరేకు మాత్రం గుర్తుంది. ఆ తర్వాత ఆవిడ చూసిన సినిమాలన్నీ దాలమ్మ నోటంట విన్నవే.

ఊరికే వినదు సుమా. బదులు తీరుస్తుంది. నారాయణమ్మకి చదువొచ్చు. మరిది జగన్నాధం కొత్తవలస స్టేషన్లో గుమస్తా, నెలకోసారి వారపత్రికలన్నీ కట్టగట్టి పంపుతాడు. అందులో వచ్చే సీరియల్ని నారాయణమ్మ దాలమ్మకి చదివి వినిపిస్తుంది. దాలమ్మకి అక్షరం ముక్క రాదు. అలా ఒకరు సినిమా, ఒకరు సీరియలు, మధ్యలో కత్తిపీట. నాలుగేళ్లుగా సాగుతోంది ఈ బేరం.

సినిమా చెప్పేటప్పుడు దాలమ్మకి పేర్లతో పని లేదు. హీరోని "ఆడు" అంటుంది, హీరోయిన్ని "ఆ పిల్ల" అంటుంది. సినిమా పేరు కూడా గుర్తుండదు. "జమిందారు కొట్టించిన సినిమా", "ఎద్దు పాట పాడిన సినిమా", ఇవీ ఆవిడ పెట్టే పేర్లు.

"మరి ఆడు ఎలాగున్నాడే?" అని నారాయణమ్మ అడుగుతుంది.

"ఏటున్నాడమ్మా, మొకమ్మీద తట్టెడు పిండి. పొలం దున్నతన్నాడట, సొక్కా మీద మట్టి సుక్క లేదు. పాట మాత్రం బాగున్నాది. ఆ పిల్ల ఉన్నాది సూడు, అది మనిషి. ఏడిస్తే నిజింగా ఏడిసినట్టే ఏడిసింది."

"ఏడవడానికేం, డబ్బులిస్తారు కదా."

"నాకిస్తే నానూ ఏడుస్తాను గాని, అంత అందంగా ఏడవలేనమ్మా."

సీరియలు దగ్గరికొస్తే దాలమ్మకి కోపమెక్కువ. పోయిన వేసవిలో ఒక సీరియల్లో మంచి డాక్టరు కలరా ఊళ్లోకి వెళ్లి తనే చచ్చిపోయాడు. దాలమ్మ చేప తల ఎడంచేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఆ రాసినోడెవుడమ్మా? ఆడికి పిల్లా పాపా లేరా? ఊరందరికీ మందిచ్చినోడ్ని సంపేసి ఆడేటి బావుకున్నాడు?" అని తిట్టింది. ఇంకో వారం తిట్టింది. చివరికి, "సదివేది నువ్వే కదా తల్లీ. బతికినాడని సదివేస్తే నీ నోరేటి అరిగిపోతాదా?" అని కూడా అడిగింది.

"అచ్చులో సచ్చిపోయినాడని ఉంటే బతికినాడని ఎలా సదువుతానే?" అంది నారాయణమ్మ.

ఆవిడ అంతే. అబద్ధమంటే ఒళ్లు మంట. పాలు పోసే లక్ష్మణమ్మని మాన్పించేసింది. పాలల్లో నీళ్లు కలిపినందుకు కాదు. కలపలేదని అమ్మవారి మీద ఒట్టేసినందుకు. "నీల్లు తాగితే సావరు గాని, దొంగ ఒట్టు ఏసినోలు పోసిన పాలు నా గొంతు దిగవు" అని చెంబు బోర్లించేసింది. ఈ సంగతి దాలమ్మకి బాగా తెలుసు. తెలిసే చేసింది చేసిందంతా.

ఏం చేసిందంటారా? ఇక్కడ దాలమ్మ గుట్టు విప్పక తప్పదు. ఇన్ని సినిమాలు చెప్పిన దాలమ్మ ఒక్క సినిమా ఆఖరు కూడా చూసి ఎరగదు.

తప్పు ఆవిడది కూడా కాదనుకోండి. డేరాలో మిషను ఒక్కటే. రీలు మార్చినప్పుడల్లా ఆట ఆపి లైట్లు వేస్తారు. మొదటి లైటు దాకా దాలమ్మ కళ్లు అప్పగించి చూస్తుంది. రెండో లైటు దాకా గిల్లుకుంటూ చూస్తుంది. కోడికూతకి ముందు లేచి, పదహారు మైళ్లు నడిచొచ్చిన ఒళ్లు, రెండో లైటు ఆర్పగానే చల్లటి ఇసక మీద ఒరిగిపోతుంది. అంతే, మళ్లీ జనం లేచి కొంగులు దులుపుకున్నప్పుడే మెలకువ. పక్కనే కోడలు దేముడమ్మ ఉంటుంది. దార్లో దాన్ని అడుగుతుంది, "ఆకరికి ఏటయినాదే?" అని. "ఏటయినాదీ, అయిపోనాది" అంటుంది దేముడమ్మ. ఆ పిల్లకి అంతకంటే ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు.

మరి పొద్దున్న గంప దింపగానే నాలుగిళ్ల వాళ్లు అడుగుతారే, రెండో లైటు దాకా చెప్పి "మిగతాది నాకు తెలవదు" అంటే మరిడమ్మకీ దాలమ్మకీ తేడా ఏముంది? అందుకని నడిచే దార్లో ఆఖరు ఆవిడే అల్లుకునేది. ఆ అల్లికలో ఆవిడకి కొన్ని పట్టింపులున్నాయి. తల్లులు చావకూడదు. అన్యాయం చేసినవాడికి శిక్ష పడాలి, అదీ అందరి ముందూ పడాలి. విడిపోయినవాళ్లు కలవాలి, కాని తేరగా కలవకూడదు, ముందు గట్టిగా దెబ్బలాడుకోవాలి. ఆ మూడూ కుదిరితే సినిమా బాగున్నట్టే.

అరవై ఎనిమిదిలో, శివరాత్రి వెళ్లాక, డేరాలో అక్కచెల్లెళ్ల సినిమా వచ్చింది. అక్క ఇడ్లీలమ్మి చెల్లెల్ని పట్నంలో చదివిస్తుంది. చెల్లెలు జమీందారు కొడుకుని పెళ్లాడుతుంది. చూద్దామని అక్క ఆ మేడకి వెళ్తే, చుట్టాలందరి ముందూ చెల్లెలు, "మా ఊరి పనిమనిషి" అని చెప్పేస్తుంది. అక్క వర్షంలో తడుస్తూ వెనక్కి తిరుగుతుంది. అక్కడ రెండో లైటు వేశారు. తర్వాత దాలమ్మ నిద్రపోయింది.

మర్నాడు నారాయణమ్మ పెరట్లో ఆఖరు ఇలా చెప్పింది. "సెల్లికి బిడ్డ పుట్టినాది. ఆ మేడలో ఎత్తుకునే దిక్కు లేదు. బిడ్డనేసుకుని వర్సంలో పరిగెట్టుకొచ్చినాది. అక్క పొయ్యి కాడ ఇడ్లీలు దింపతన్నాది. సెల్లెల్ని సూసింది. సూసి, లేసి, సెంప మీద సెళ్లుమని ఒకటిచ్చినాది!"

"అమ్మయ్య!" అంది నారాయణమ్మ.

"ఇచ్చి, ఏటీ మాటాడకుండా ఆకేసి రెండిడ్లీలు పెట్టినాది. అది తిన్నాక అప్పుడేడిసినారు ఇద్దరూ."

నారాయణమ్మ కళ్లు కొంగుతో అద్దుకుంది. "ముందు కొట్టడం బాగున్నాదే. కొట్టకుండా వాటేసుకునుంటే నేను నమ్మకపోదును" అంది. కాసేపు చేపల నీళ్లు మొక్కల్లోకి పారుతుంటే చూస్తూ కూర్చుంది. తర్వాత ఉన్నట్టుండి, "దాలీ, మనం నేస్తం కట్టుకుందామేటే?" అంది.

ఆ వైపు వాళ్లకి నేస్తమంటే నోటి మాట స్నేహం కాదు. పండగ నాడు అమ్మవారి గుడి ముందు కూర్చుని, పసుపు బట్ట ఇచ్చి పుచ్చుకుని, ఒకరి నోట్లో ఒకరు బెల్లం ముక్క పెట్టుకోవాలి. కులం అడ్డు రాదు. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, నేస్తమనే పిలవాలి. ఒకరింట్లో చావు వస్తే రెండో వాళ్లింట్లో పొయ్యి వెలగకూడదు. అన్నిటికన్నా ముందు, నేస్తానికి అబద్ధం చెప్పకూడదు. చెప్తే అమ్మవారు ఊరుకోదు.

దాలమ్మకి మొగుడు లేడు, సముద్రంలో పోయాడు. అక్కచెల్లెళ్లు ముందు నుంచీ లేరు. కొడుకు గంగులు తెప్ప మీద ఉంటే సముద్రంలో, లేకపోతే పడకలో. ఇరవయ్యేళ్లుగా ఎన్ని ఊళ్లు తిరిగిందో, ఎన్ని పెరళ్లలో గంప దింపిందో, ఏ ఒక్కరూ తనని ఏ వరసా పెట్టి పిలవలేదు. "చేపలూ" అని కేకేస్తారు, అంతే. ఆ మాట వినగానే ఆవిడ తలూపేసింది. "కొత్తమాస నాడు కట్టుకుందాం" అని నారాయణమ్మే రోజు కూడా చెప్పేసింది. కొత్తమాసకి, అంటే ఉగాది ముందొచ్చే అమావాస్య పండక్కి, ఇంకా మూడు వారాలుంది. ఇంటికి నడిచిన ఎనిమిది మైళ్లూ దాలమ్మకి నవ్వొస్తూనే ఉంది, ఒంటరిగా నవ్వుకుంటోందని దారినపోయేవాళ్లు చూశారు కూడా.

పది రోజులకి ఒక పొద్దున్న నారాయణమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "ఓలమ్మో దాలీ, ఇట్రా! నేను సినిమాకెల్తన్నాను!"

జగన్నాధం వచ్చి అన్నగారిని ఒప్పించాడట. విజయనగరం హాల్లో ఆడవాళ్లకి గది వేరు, గుమ్మం వేరు, పగటి ఆట చూసి సాయంత్రం పాసింజరుకి వచ్చేయొచ్చు అని చెప్పాడట. నరసింగరావు మూడు పూటలు ఆలోచించి, ఊ అన్నాడట.

"ఏటి సినిమా తల్లీ?" అంది దాలమ్మ.

"నువ్వు సెప్పిందే! అక్కసెల్లెల్ల సినిమా! పాతదేనంట, మల్లీ ఏసినారంట. ఆ సెంపదెబ్బ నా కల్లతో సూస్తాను."

దాలమ్మ గంప దింపడం మరిచిపోయింది. చెంపదెబ్బ ఎక్కడుంది? ఆ ఇడ్లీలెక్కడున్నాయి? అవన్నీ ఎనిమిది మైళ్ల దార్లో తను వండినవి. అబద్ధమాడినందుకు పాలావిడని గుమ్మం తొక్కనివ్వని మనిషి, రేపు హాల్లో కూర్చుని, లేని చెంపదెబ్బ కోసం చూస్తుంది. ఆ తర్వాత నేస్తమేమిటి, బేరం కూడా ఉండదు.

ఇక మొదలుపెట్టింది దాలమ్మ. ఆ రోజు ఆవిడ ఆ సినిమాని తిట్టినట్టు ఎవరూ ఏ సినిమానీ తిట్టి ఉండరు. "అది మనం సూసే సినిమా కాదమ్మా. పాటలేటి పాటలు, తలనొప్పి. ఆ అక్కున్నాది సూడు, మాటాడితే ముక్కులోంచి మాటాడతాది. నీలాటోలు సూడదగ్గది ఇంకోటొస్తాది, దేవుడి సినిమా, అది సూద్దువు గాని. బస్తీ హాల్లో నల్లులు కూడాను."

"నువ్వే కదే అంత బాగున్నాదన్నావు?"

"నాను సెప్పడం బాగున్నాది గాని తల్లీ, సినిమా బాలేదు."

ఇంత నిజం ఆవిడ ఆ పెరట్లో ఎప్పుడూ చెప్పలేదు. నారాయణమ్మ మాత్రం నవ్వేసి ఊరుకుంది.

ఆదివారం నారాయణమ్మ విజయనగరం వెళ్లింది. సోమవారం దాలమ్మ ఆ ఊరు రాలేదు. మంగళవారం రాలేదు. గంప పట్టుకుని ఇంకో వైపు ఊళ్లకి పోయింది. అక్కడ సినిమా అడిగేవాళ్లు లేరు, చేపలు పైకెత్తి వాసన చూసి, కన్ను నొక్కి, పక్కన పడేశారు. మూడో రోజు తిరిగొస్తూ దాలమ్మ తనని తనే తిట్టుకుంది. ఎన్నాళ్లు దాక్కుంటాను? తిడితే తిడుతుంది, పొమ్మంటే పోతాను, ఆ మాటేదో మొహం మీద వినేస్తాను అనుకుంది.

గురువారం పొద్దున్న వెళ్లింది. వేరే ఇళ్లకి పోలేదు, నేరుగా నారాయణమ్మ పెరట్లోనే గంప దింపింది. నారాయణమ్మ కత్తిపీట తెచ్చి విసురుగా కింద పెట్టింది.

"ఎక్కడ సచ్చినావే ఇన్నాల్లు? సెప్పుకోడానికి మనిషి లేక నా కడుపుబ్బిపోయింది."

దాలమ్మ నోరు తెరవబోయింది. నారాయణమ్మ తెరవనిస్తేనా!

"నేను ఆకరు సూణ్ణేదే! మా మరిది సంగతి తెలుసు కదా, రైలోడు, బండి తప్ప ఇంకేటీ అగుపడదు ఆడికి. అక్క వర్సంలో ఎల్లిపోతన్నాది, నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇంతలో గేటు కాడ మనిషొచ్చి, నారాయణమ్మగారెవరమ్మా, బండికి టయమైనాది, మీవోలు పిలస్తన్నారు అని కేకేసినాడు. హాలంతా నన్నే సూసినారు. ఏం సేస్తాను, లేసొచ్చీసినాను."

దాలమ్మ కత్తిపీట ముందుకి లాక్కుంది. చూడలేదు. ఆఖరు చూడలేదు. ఆ జగన్నాధం ఎవరో గాని అతని పిల్లలు చల్లగా ఉండాలి అనుకుంది.

"పోతే పోనీలే, దాలి సెప్పింది నాకు తెలుసు కదా అని సర్దుకున్నాను. ఇను మరి. బండిలో నా పక్కనొకావిడ ఎక్కినాది. గున్నమ్మంట, తిలారులో దిగిపోతాది. ఆవిడా సూసిందంట అదే సినిమా, పోయిన వారం. ఏటంటాది? ఆకర్ని అక్క సచ్చిపోతాదంట! సెల్లెలొచ్చేసరికి పాడె కడతన్నారంట!"

దాలమ్మ తోమిన చేపనే మళ్లీ తోమింది.

"నాకొల్లు మండిపోయింది. అదేటమ్మా, మరి ఇడ్లీలు పెట్టలేదేటి అన్నాను. ఇడ్లీలేటి అంటాది! సెంపదెబ్బో అన్నాను. ఏ సెంపదెబ్బ అంటాది! నువ్వు నిద్దరోయుంటావమ్మా, ఆకరు సూసుండవు అన్నాను. ఆవిడకీ కోపమొచ్చింది, మాటా మాటా పెరిగిపోనాది. బండిలో జనమంతా మా గొడవే. మా మరిది మొకం కిటికీలోంచి బైటెట్టుకున్నాడు." నారాయణమ్మ గొంతు తగ్గించింది. "అప్పుడు ఒట్టేసినానే. నా జన్మలో ఎన్నడూ ఏసి ఎరగను. అమ్మోరి మీద ఒట్టు, మా నేస్తం కల్లారా సూసింది అన్నాను. అప్పుడు గాని నోరు మూయలేదు ఆవిడ."

చెప్పేసి, గెలిచిన మనిషిలా కొంగు దోపుకుని కూర్చుంది.

దాలమ్మకి ఇప్పుడు ఏ భయమూ అక్కర్లేదు. "అవునమ్మా, ఆవిడ నిద్దరోయుంటాది" అంటే చాలు. తిలారు ఆవిడ మళ్లీ కనబడేదీ లేదు, నారాయణమ్మ మళ్లీ సినిమాకి వెళ్లేదీ లేదు. ఆరు రోజులు పోతే కొత్తమాస. పసుపు బట్ట కూడా కొనేశారట, మల్లెపందిరి కింద దండెం మీద ఆరవేసి ఉంది. దాలమ్మ దాని వైపు చూసింది. మా నేస్తం అందట, కట్టకుండానే, రైలు పెట్టెలో ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు. అని, తన అబద్ధానికి ఆవిడ ఒట్టేసింది.

అదే మింగుడుపడలేదు దాలమ్మకి. తను అబద్ధమాడటం వేరు, నారాయణమ్మని దొంగ ఒట్టులోకి దింపడం వేరు.

"ఆవిడ సెప్పిందే నిజమై ఉంటాది తల్లీ" అంది.

"ఏటీ?"

"నాను సూణ్ణేదు. నిద్దరోయినాను. రెండో లైటు తరవాత ఎప్పుడూ నిద్దరోతాను. ఒక్క సినిమా ఆకరు కూడా నాను సూణ్ణేదమ్మా. అన్నీ నాను కట్టి సెప్పినాను."

నారాయణమ్మ దోపుకున్న కొంగు ఊడలాగింది. ఆవిడ ముఖం ఎర్రగా అయింది, తర్వాత తెల్లబడింది. "నాసేత దొంగ ఒట్టు ఏయించినావే" అంది చివరికి, మెల్లగా. గట్టిగా అరిస్తే దాలమ్మకి కాస్త తేలికగా ఉండేది. "నాలుగేల్లు. నాలుగేల్లు నన్ను ఎర్రిదాన్ని సేసి కూకోబెట్టినావు. ఆ రైల్లో ఆవిడ నిజిం సెప్తే నేను సివాట్లేసినాను."

దాలమ్మ చేతులు కడుక్కుంది. శుభ్రం చేసిన చేపలు గిన్నెలో పెట్టి మూత వేసింది. ఏడుపు వస్తోంది గాని ఆ పెరట్లో ఏడ్చే హక్కు ఇంక తనకి లేదనుకుంది. గంప దగ్గరికి లాక్కుంది.

"కూకో" అంది నారాయణమ్మ.

దాలమ్మ కూర్చుంది.

"ఆ దొంగ మావ సినిమా. ఎక్కడిదాకా సూసినావు?"

"ఆస్తి కాయితాలు కాల్చేదాకా."

"మరి ఆడికి సంకెల్లెయ్యలేదా?"

"ఏసుంటారమ్మా. నాను సూణ్ణేదు."

నారాయణమ్మ ఒక వేలు మడిచింది. "కల్లు పోయిన తల్లి సినిమా?"

"ఆస్పత్రికి తీసికెల్లేదాకా."

"అయితే సూపు రాలేదా?"

"తెలవదు తల్లీ."

ఇంకో వేలు మడిచింది. అలా అడుగుతూ పోయింది. తోడికోడళ్లు కలిసిన సినిమా, ఉరి తప్పిన సినిమా, ఏనుగు బిడ్డని తెచ్చి ఇచ్చిన సినిమా. ఒక్కొక్కటీ రెండో లైటు దగ్గర ఆగిపోతుంటే, నాలుగేళ్లుగా నారాయణమ్మ మనసులో సుఖంగా కాపురాలు చేసుకుంటున్నవాళ్లంతా ఒక్కొక్కరే నడి వీధిలో నిలబడిపోయారు. ఉరి తప్పినవాడి సంగతి వినేసరికి ఆవిడకి నిజంగానే దుఃఖమొచ్చింది. "అంత మంచోడు" అంది. 

"ఆ ఓడ సినిమా..." అని, నారాయణమ్మ ఆగిపోయింది.

దాలమ్మ చెప్పబోయింది. అక్క రేవులో నిలబడి ఉంటుంది, తమ్ముడు పరాయి దేశం పోతాడు, ఎన్నేళ్లయినా ఉత్తరం రాదు. అక్కడ రెండో లైటు.

"సెప్పకు" అంది నారాయణమ్మ, చెయ్యి అడ్డం పెట్టి. "దాన్ని నేను అడగను."

వేళ్లు మడిచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. ఎవరితోనూ ఎత్తని మాట ఎత్తింది. "మా తమ్ముడు ఎర్రన్న ఓడెక్కి బర్మాలో రంగం ఎల్లిపోయినాడే. పద్దెనిమిదేల్లోడు. బియ్యం మిల్లులో పనంటే ఎల్లినాడు. బాంబులు పడ్డప్పుడు అందరూ కొండల్లోంచి నడిసొచ్చీసినారు. మా ఊరోలు అయిదుగురెల్తే ముగ్గురొచ్చినారు. ఒకడు సచ్చిపోయినాడని ముగ్గురూ సెప్పినారు. ఎర్రన్న ఏటైనాడో సూసినోడు ఒక్కడూ లేడు. ఇరవయ్యారేల్లయింది."

దాలమ్మకి ఈ సంగతి తెలీదు. ఆ సినిమా చెప్పిన రోజు నారాయణమ్మ ఆఖరు మూడుసార్లు చెప్పించుకుందని మాత్రం తెలుసు. సినిమా అంత నచ్చింది కాబోలనుకుంది అప్పుడు.

నారాయణమ్మ ముక్కు చీదుకుని, గొంతు సర్దుకుంది. "తిలారు సంత ఎప్పుడో కనుక్కో. ఆ గున్నమ్మని ఎతికి, నీదే నిజిమమ్మా, తప్పయింది అని సెప్పాల. నువ్వూ రావాల. రేపు కొత్తమాస నాడు నేస్తం కట్టాక నాకు ఒక్క అబద్దం సెప్పినావంటే నీ మొకం సూడను. సీరియల్లో ఎవులు సచ్చినా సచ్చినట్టే, సినిమాలో నిద్దరోయినకాడికే సెప్పాల. ఇంటన్నావా?"

"ఇంటన్నాను తల్లీ" అంది దాలమ్మ. ఇంక ఏడుపు ఆపుకోలేక ఏడ్చేసింది.

"ఏడవకు. కొత్తమాసకి ఇంకా ఆరు రోజులున్నాది." నారాయణమ్మ కత్తిపీట పక్కకి జరిపి, బాసింపట్టు వేసుకుని దాలమ్మకి ఎదురుగా కూర్చుంది. "ఈలోగా ఆ ఓడ సినిమా ఇంకోపాలి సెప్పు. మొదలక్కర్లేదు, ఆకరు సెప్పు."

దాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఓడొచ్చినాది" అంది. "జనమంతా దిగిపోనారు. ఇంకెవులూ లేరు. అక్క ఎనక్కి తిరిగిపోతన్నాది. అప్పుడు ఆకర్న ఒక మనిషి దిగినాడు. సేతిలో రేకు పెట్టె."

"గెడ్డం?"

"గెడ్డం పెరిగిపోనాది. నెరిసిపోనాది. అక్క ముందు పోల్చుకోలేదు."

"తరవాత?"

"తరవాత పోల్చుకున్నాది" అంది దాలమ్మ.